వన్స్: నైట్‌విష్ ఐదో ఆల్బమ్

'వన్స్' ఫిన్లాండ్‌కు చెందిన సింఫనిక్ మెటల్ బృందం నైట్‌విష్ రూపొందించిన ఐదో స్టూడియో ఆల్బమ్. 2004 జూన్ 7న యూరప్‌లో విడుదలైంది. ఇందులో పదకొండు పాటలున్నాయి. మొత్తం నిడివి దాదాపు గంట. తొమ్మిది పాటల్లో పూర్తిస్థాయి ఆర్కెస్ట్రా వినిపిస్తుంది. అంతవరకు మెటల్ అభిమానుల నడుమే తిరుగుతున్న సింఫనిక్ మెటల్‌ను యూరప్ జనబాహుళ్యానికి చేర్చిన ఆల్బమ్‌గా దీన్ని లెక్కిస్తారు. తొలి గాయని టార్యా టురునెన్ ఈ బృందంతో చేసిన చివరి స్టూడియో ఆల్బమ్ కూడా ఇదే.

శైలి పుట్టుక

హెవీ మెటల్‌కు ఆధారం మూడు: హోరెత్తించే ఎలక్ట్రిక్ గిటార్, రెండు కాళ్లతోనూ వాయించే డ్రమ్స్, గొంతు చించుకుని పాడే పాట. దానికి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని వయోలిన్లు, చెల్లోలు, కొమ్ము వాద్యాలు, బృందగానం, ఒపేరా తరహా గాత్రం తోడైతే సింఫనిక్ మెటల్.

రాక్ బృందం, ఆర్కెస్ట్రా ఒకే వేదిక ఎక్కడం పాత ముచ్చటే. 1969 సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో డీప్ పర్పుల్ బృందం రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి 'కన్సర్టో ఫర్ గ్రూప్ అండ్ ఆర్కెస్ట్రా' వాయించింది. కీబోర్డ్ వాద్యకారుడు జాన్ లార్డ్ దానికి స్వరకర్త, మాల్కం ఆర్నాల్డ్ ఆర్కెస్ట్రా నిర్వాహకుడు (కండక్టర్). 1987లో స్విట్జర్లాండ్ బృందం కెల్టిక్ ఫ్రాస్ట్ 'ఇంటు ద పాండెమోనియం'లో తీగవాద్యాలను, స్త్రీ గాత్రాన్ని మెటల్‌లోకి తెచ్చింది. 1996లో స్వీడన్ బృందం థేరియన్ 'థేలి' ఆల్బమ్‌లో బృందగానాన్ని పాటలకు కేంద్రంగా నిలబెట్టింది. 1999 ఏప్రిల్‌లో మెటాలికా శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీతో కచేరీ చేసింది. దాని రికార్డింగు అదే ఏడాది 'ఎస్ అండ్ ఎమ్' పేరుతో వచ్చింది.

ఈ ప్రయత్నాల్లో చాలావాటికి ఒక పరిమితి ఉంది. పాట ముందే తయారై ఉంటుంది, ఆర్కెస్ట్రా తర్వాత వచ్చి చేరుతుంది. మెటాలికా కచేరీలో మైకేల్ కేమెన్ చేసిన పని ప్రధానంగా అదే: ఉన్న పాటలకు అదనపు స్వరాలు రాయడం. ఆర్కెస్ట్రా లేకపోతే పాటే నిలబడదన్నంతగా అల్లిన రచన వేరు. 'వన్స్' ఈ రెండో కోవకు దగ్గరగా వస్తుంది.

బృందం

ఫిన్లాండ్ తూర్పు సరిహద్దుకు దగ్గర్లో కిటే అనే చిన్న ఊరుంది. 1996 జులైలో మిత్రులతో కలిసి చలిమంట చుట్టూ కూర్చున్నప్పుడు కీబోర్డ్ వాద్యకారుడు టుమాస్ హోలోపైనెన్‌కు కొత్త బృందం పెట్టాలన్న ఆలోచన వచ్చింది. గిటారిస్టు ఎంప్పు వూరినెన్, గాయని టార్యా టురునెన్ అతనితో కలిశారు. మొదట అనుకున్నది మెటల్ కాదు. కీబోర్డు, మామూలు గిటారు, స్త్రీ గాత్రంతో మెత్తని సంగీతం చేద్దామనుకున్నారు. టార్యా సిబేలియస్ అకాడమీలో శాస్త్రీయ గాత్రం నేర్చుకుంటున్నారు. ఆ గొంతు బలానికి మెత్తని వాద్యాలు చాలలేదు. డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటారు వచ్చి చేరాయి. డ్రమ్మర్‌గా యుక్కా నెవలైనెన్ కుదిరారు.

1997లో తొలి ఆల్బమ్ 'ఏంజిల్స్ ఫాల్ ఫస్ట్', 1998లో 'ఓషన్‌బోర్న్', 2000లో 'విష్‌మాస్టర్' వచ్చాయి. వాటిలో ఆర్కెస్ట్రా అనిపించేది చాలావరకు హోలోపైనెన్ కీబోర్డు మీద పలికించిందే. 2001లో బాస్ గిటారిస్టుగా, రెండో గాయకుడిగా మార్కో హియెటాలా చేరాక బృందానికి బిరుసైన మగ గొంతు దొరికింది. 2002లో వచ్చిన 'సెంచరీ చైల్డ్'లో తొలిసారి నిజమైన ఆర్కెస్ట్రాను వాడారు. కిటేకు దగ్గర్లోని యోయెన్సూ నగర ఆర్కెస్ట్రా అది. ఆ ఆల్బమ్ ఫిన్లాండ్‌లో విజయం సాధించడంతో తర్వాతి దానికి పెద్ద బడ్జెట్ దొరికింది.

రూపకల్పన, రికార్డింగ్

ఆల్బమ్‌లో సింహభాగం హోలోపైనెన్ రచనే. సినిమా నేపథ్య సంగీతమంటే తనకున్న ఇష్టాన్ని ఆయన దాచుకోలేదు. పాటను సన్నివేశంలా ఊహించి రాయడం ఆయన పద్ధతి. కాబట్టి ఈసారి సినిమా సంగీతంలో ఆరితేరిన లండన్ వాద్యకారులను ఎంచుకున్నారు. స్టేటస్ కో, మూడీ బ్లూస్ వంటి రాక్ బృందాలతో పనిచేసిన ఇంగ్లిష్ నిర్మాత పిప్ విలియమ్స్‌కు ఆర్కెస్ట్రా రచన అప్పగించారు. లండన్ సెషన్ ఆర్కెస్ట్రా వాయించింది. మెట్రో వాయిసెస్ బృందగానం పాడింది. జేమ్స్ షియర్మన్ కండక్టర్‌గా వాళ్లను నడిపించారు. ఫిన్లాండ్ రికార్డింగ్ చరిత్రలో అప్పటికి ఇంత ఖర్చు పెట్టిన ఆల్బమ్ మరొకటి లేదని పేరుపడింది.

ఇలాంటి ఆల్బమ్ తయారయ్యే తీరు సినిమా రీరికార్డింగ్ గురించి తెలిసినవారికి తేలిగ్గా అర్థమవుతుంది. స్వరకర్త కీబోర్డు మీద నమూనా తయారుచేస్తాడు. ఆర్కెస్ట్రా రచయిత దాన్ని విడదీసి ఏ గీత మొదటి వయోలిన్లకు, ఏది చెల్లోలకు, ఏది ట్రంపెట్లకు, ఏది గాయకులకు అన్నది స్వరలిపిలో రాస్తాడు. వాద్యకారులు ముందస్తు సాధన లేకుండా స్టూడియోలో కాగితం చూసి వాయించేస్తారు. డ్రమ్స్ వేగానికి తప్పకుండా ఉండేందుకు వాళ్ల చెవుల్లో లయ చప్పుడు టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. శాస్త్రీయ కచేరీలో నిర్వాహకుడు భావాన్నిబట్టి కాలాన్ని సాగదీసినా, తగ్గించినా చెల్లుతుంది. ఇక్కడ ఆ వెసులుబాటు తక్కువ.

అసలు పరీక్ష మిక్సింగ్‌లో ఎదురవుతుంది. బాగా దించిన శ్రుతిలో గరగరలాడే గిటారు, చెల్లో, ట్రాంబోన్ అన్నీ మంద్ర స్థాయిలోనే పోటీపడతాయి. జోడు పెడళ్ల డ్రమ్ము మోతకు తీగవాద్యాల సన్నని పలుకులు మునిగిపోతాయి. డప్పుల ఊరేగింపు పక్కన వీణ కచేరీ పెట్టినట్టుంటుంది వ్యవహారం. పరిష్కారం సగం రచనలో ఉంది, సగం సౌండ్ ఇంజనీర్ చేతిలో ఉంది. గిటారు దట్టంగా మోగే చోట వయోలిన్లను తార స్థాయికి ఎక్కించాలి. ఆర్కెస్ట్రా కథ చెప్పే చోట గిటారు తప్పుకోవాలి. హెల్సింకీలోని ఫిన్‌వాక్స్ స్టూడియోలో మిక్కో కార్మిలా మిక్సింగ్, మికా యుస్సిలా మాస్టరింగ్ చేశారు. ఆల్బమ్‌ను ఈరోజు విన్నా వాద్యాలు విడివిడిగా చెవికి అందుతాయంటే ఆ పనితనమే కారణం.

పాటలు

ఆల్బమ్ 'డార్క్ చెస్ట్ ఆఫ్ వండర్స్'తో మొదలవుతుంది. గిటారు, ఆర్కెస్ట్రా ఒకే దరువును కలిసి కొడతాయి. ఇక్కడ వయోలిన్లు అలంకారానికి రాలేదని మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. రెండోది 'విష్ ఐ హ్యాడ్ యాన్ ఏంజిల్'. డాన్స్ క్లబ్బుల్లో వినిపించే ఎలక్ట్రానిక్ దరువు మీద హియెటాలా, టార్యా పోటాపోటీగా పాడతారు. మూడోది 'నీమో'. చిన్న పియానో బాణీతో మొదలై, మామూలు పాప్ పాటలా పల్లవి, చరణాలతో సాగుతుంది. మెటల్ వినని వారికి కూడా ఎక్కినది ఈ పాటే. నాలుగోదైన 'ప్లానెట్ హెల్' హియెటాలా గరుకు గొంతుకు, టార్యా ఒపేరా గొంతుకు మధ్య సంవాదం.

'క్రీక్ మేరీస్ బ్లడ్' నిడివి ఎనిమిదిన్నర నిమిషాలు. అమెరికా రచయిత డీ బ్రౌన్ నవల పేరునే పాటకు పెట్టారు. అమెరికా ఆదివాసుల నేల చేజారిన గాథ ఇది. అమెరికా సంగీతకారుడు జాన్ టూ-హాక్స్ ఇందులో వేణువు వాయించారు. చివర్లో ఆదివాసుల భాషల్లో ఒకటైన లకోటాలో ఆయన గొంతే వినిపిస్తుంది. 'ద సైరన్' గ్రీకు పురాణాల్లో నావికులను పాటతో ముంచే సైరన్ల మీద అల్లినది. తూర్పు దేశాల బాణీ ఛాయలు ఇందులో ఉన్నాయి. 'డెడ్ గార్డెన్స్', 'రొమాంటిసైడ్' వేగంగా, గిటారు ముందుండి నడిపే పాటలు.

పదో పాట 'కువోలెమా తెకే తైతెయిలియాన్' ఫిన్నిష్ భాషలో ఉంది. మరణమే కళాకారుణ్ణి తయారుచేస్తుందని ఆ శీర్షికకు అర్థం. గిటార్ల హోరు లేని మెల్లని పాట. చివరిదైన 'హయ్యర్ దాన్ హోప్' క్యాన్సర్‌తో పోరాడి 2003లో మరణించిన బృందం మిత్రుడు, అభిమాని మార్క్ బ్రూలాండ్ స్మృతికి అంకితం. పాటలో ఆయన మాటల రికార్డింగును కూడా చేర్చారు.

'ఘోస్ట్ లవ్ స్కోర్'

ఆల్బమ్‌కు ఆయువుపట్టు తొమ్మిదో పాట. నిడివి పది నిమిషాలు. బృందగానం, ఆర్కెస్ట్రా కలిసి తెర తీస్తాయి. తర్వాత గిటారు దిగుతుంది. టార్యా చరణాలు పాడి పల్లవికి చేరుకుంటారు. ఇంతవరకు అలవాటైన నడకే. అక్కడినుంచి పాట దారి మారుతుంది. గిటార్లు, డ్రమ్స్ వెనక్కి తగ్గి ఆర్కెస్ట్రా ఒంటరిగా మిగులుతుంది. తీగవాద్యాలు మెల్లగా అల్లుకుంటూ, కొమ్ము వాద్యాలతో పెరిగి, బృందగానంతో ఉధృతమవుతాయి. సినిమాలో మాటల్లేని సన్నివేశానికి సంగీతం కథ నడిపినట్టే ఉంటుంది ఈ భాగం. ఆ ఉధృతి మీదకు మెటల్ బృందం మళ్లీ వస్తుంది. ఆఖరి ఘట్టంలో పల్లవి పదేపదే తిరిగివస్తూ, ప్రతిసారీ బృందగానం అండతో మరింత ఎత్తుకు వెళ్తుంది.

మధ్యభాగాన్ని తీసేసి వినిపిస్తే మిగిలేది ఒక మంచి మెటల్ పాట మాత్రమే. చివరి పల్లవికి ఉన్న బరువంతా ఆర్కెస్ట్రా నడిపిన ఆ నిమిషాలనుంచే వస్తుంది. ఆర్కెస్ట్రాను పాట నిర్మాణంలో భాగం చేయడమంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఈ శైలిలో అరుదు.

ముఖచిత్రం

అట్ట మీద కనిపించేది సమాధి మీద వాలి దుఃఖిస్తున్న దేవదూత. అమెరికన్ శిల్పి విలియం వెట్‌మోర్ స్టోరీ తన భార్య సమాధి కోసం 1894లో చెక్కిన 'ఏంజిల్ ఆఫ్ గ్రీఫ్' దానికి మూలం. ఆ శిల్పం రోమ్‌లోని ప్రొటెస్టెంట్ శ్మశానవాటికలో ఉంది. మృత్యువు, వియోగం, పోగొట్టుకున్న అమాయకత్వం పాటల్లో మళ్లీమళ్లీ వచ్చే విషయాలు కాబట్టి బొమ్మ కుదిరింది.

విడుదల, ఆదరణ

ఆల్బమ్ కంటే ముందు 'నీమో' సింగిల్‌గా వచ్చి ఫిన్లాండ్‌లో మొదటి స్థానానికి చేరింది. తర్వాత ఫిన్లాండ్‌లో స్పైన్‌ఫార్మ్, జర్మనీ తదితర దేశాల్లో న్యూక్లియర్ బ్లాస్ట్ సంస్థలు ఆల్బమ్‌ను విడుదల చేశాయి. అమెరికాలో రోడ్‌రన్నర్ సంస్థ అదే ఏడాది అక్టోబరులో తెచ్చింది. ఆల్బమ్ ఫిన్లాండ్‌తోపాటు జర్మనీలోనూ అమ్మకాల పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. యూరప్‌లో అతిపెద్ద సంగీత విపణుల్లో ఒకటైన జర్మనీలో ఫిన్లాండ్ మెటల్ బృందం అగ్రస్థానానికి చేరడం చిన్న విషయం కాదు. ప్రపంచవ్యాప్తంగా పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. 'విష్ ఐ హ్యాడ్ యాన్ ఏంజిల్', 'కువోలెమా తెకే తైతెయిలియాన్', 'ద సైరన్' కూడా సింగిల్స్‌గా వచ్చాయి. వాటిలో మొదటిదాన్ని 2005లో వచ్చిన 'అలోన్ ఇన్ ద డార్క్' అనే సినిమాకు వాడుకున్నారు.

సమయం కూడా కలిసొచ్చింది. 2003లో అమెరికా బృందం ఎవనెసెన్స్ 'ఫాలెన్' ఆల్బమ్ స్త్రీ గాత్రాన్ని, బరువైన గిటార్లను రేడియోకు అలవాటు చేసింది. నెదర్లాండ్స్ బృందాలు విదిన్ టెంప్టేషన్, ఎపికా అప్పటికే ఆ దారిలో నడుస్తున్నాయి. విదిన్ టెంప్టేషన్ ఆల్బమ్ 'ద సైలెంట్ ఫోర్స్' 2004 నవంబరులో వచ్చింది. ఒక శైలికి శ్రోతలు సిద్ధంగా ఉన్న వేళ దాని అత్యంత సంపూర్ణ రూపం 'వన్స్'గా వచ్చింది.

విమర్శ లేకపోలేదు. 'నీమో', 'విష్ ఐ హ్యాడ్ యాన్ ఏంజిల్' పాప్ వైపు మరీ ఒరిగాయని పాత అభిమానుల్లో కొందరు నొచ్చుకున్నారు. టార్యా గత ఆల్బమ్‌లలో కంటే ఒపేరా తరహా తగ్గించి పాడారన్నది మరో ఫిర్యాదు. నిజానికి ఆ తగ్గింపు వల్లే మాటలు స్పష్టంగా వినిపించాయి.

పర్యటన, చీలిక

ఆల్బమ్ విడుదలతో మొదలైన ప్రపంచ పర్యటన 2005 అక్టోబరు 21న హెల్సింకీలోని హార్ట్‌వాల్ అరీనాలో ముగిసింది. ఆ కచేరీ అయిపోయాక మిగతా నలుగురు సభ్యులు టార్యాకు లేఖ అందించి, ఆమెను బృందం నుంచి తప్పిస్తున్నట్టు తెలిపారు. ఆ లేఖను బహిరంగంగా ప్రచురించారు కూడా. ఆమె వైఖరి మారిందని, డబ్బు ఆలోచన ఎక్కువైందని ఆరోపించారు. ఆమె భర్త పాత్రను తప్పుపట్టారు. టార్యా వాటిని తోసిపుచ్చారు. ఫిన్లాండ్‌లో ఇది పత్రికల మొదటి పేజీ వార్త అయింది. ఆ రాత్రి చిత్రీకరించిన కచేరీ 2006లో 'ఎండ్ ఆఫ్ యాన్ ఎరా' పేరుతో విడుదలైంది. అందరి మధ్యా దూరం పెరిగిపోయిన రాత్రి కూడా బృందం ఎంత పకడ్బందీగా వాయించిందో అందులో చూడవచ్చు.

తర్వాత నైట్‌విష్ స్వీడన్ గాయని అనెట్ ఓల్జోన్‌తో 2007లో 'డార్క్ ప్యాషన్ ప్లే', 2011లో 'ఇమాజినేరమ్' చేసింది. ఆర్కెస్ట్రా రచనకు పిప్ విలియమ్స్‌నే కొనసాగించింది. 2012లో నెదర్లాండ్స్ గాయని ఫ్లోర్ యాన్సెన్ వచ్చారు. 2013లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో ఆమె 'ఘోస్ట్ లవ్ స్కోర్' పాడిన వీడియో ఇంటర్నెట్‌లో విస్తృతంగా వ్యాపించింది. 'వన్స్' వచ్చినప్పుడు పుట్టనివారు కూడా ఆ పాటను అలాగే తెలుసుకున్నారు. గాయని మారినా పాట నిలిచిందంటే బలం రచనలో ఉందని అర్థం. టార్యా సొంత ఆల్బమ్‌లతో, కచేరీలతో వేరే దారిలో స్థిరపడ్డారు.

తెలుగు నేలతో సంబంధం

తెలుగు రాష్ట్రాల్లో సింఫనిక్ మెటల్‌కు బలమైన బృందాలు లేవు. ఇక్కడి మెటల్ సాధన ఎక్కువగా థ్రాష్, డెత్ మెటల్ అనే ఇతర శాఖల్లో సాగింది. హైదరాబాద్‌లో పుట్టిన గాడ్‌లెస్ బృందం డెత్ మెటల్‌లో పేరు తెచ్చుకుంది. 2016లో 'సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్', 2018లో 'స్వార్మ్' అనే చిన్న ఆల్బమ్‌ల తర్వాత 2021లో తొలి పూర్తి ఆల్బమ్ 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' విడుదల చేసింది. విదేశీ మెటల్ బృందాల పెద్ద కచేరీలకు దక్షిణాదిన బెంగళూరే కేంద్రమైంది. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా అక్కడే వాయించాయి. హైదరాబాద్ అభిమానులకు అలాంటి కచేరీ అంటే ఎక్కువగా రాత్రి బస్సెక్కి బెంగళూరు వెళ్లడమే.

సింఫనిక్ మెటల్ ఇక్కడ వేళ్లూనకపోవడానికి కారణం ఖర్చులో ఉంది. గిటారు, బాసు, డ్రమ్స్ ఉంటే హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్బీ నగర్‌లోనో ఒక గదిలో థ్రాష్ బృందం సాధన మొదలుపెట్టవచ్చు. ఆర్కెస్ట్రా రచయిత, డజన్లకొద్దీ వయోలిన్లు, శాస్త్రీయ శిక్షణ పొందిన గాయకులు, వాళ్లందరినీ పట్టే స్టూడియో కావాలంటే స్వతంత్ర బృందాల స్తోమత చాలదు. ఇప్పుడు నిజమైన వాద్యాల శబ్దాలను ముక్కలుగా రికార్డు చేసిన సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ మీదే ఆర్కెస్ట్రాను కూర్చవచ్చు. ప్రపంచంలో చిన్న బృందాలు చాలావరకు ఆ మార్గమే పట్టాయి.

మరోవైపు, భారీ ఆర్కెస్ట్రా మన చెవికి కొత్త కాదు. మన దగ్గర ఆ ఖర్చు సినిమా భరించింది. మద్రాసు స్టూడియోల్లో వయోలిన్ల బృందాలు తెలుగు పాటలకు దశాబ్దాలపాటు వాయించాయి. ఇళయరాజా 2005లో 'తిరువాసకం' ఆల్బమ్‌ను బుడాపెస్ట్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేశారు.  'బాహుబలి' సినిమా యుద్ధ ఘట్టాలకు కీరవాణి ఇచ్చిన నేపథ్య సంగీతంలో బృందగానం, కొమ్ము వాద్యాలు, డోళ్ల దరువు కలిసి హోరెత్తుతాయి. ఆ రీరికార్డింగ్‌కు పులకించిన చెవికి 'ఘోస్ట్ లవ్ స్కోర్' మధ్యభాగం పరాయిగా అనిపించదు.

స్థానం

'వన్స్' సింఫనిక్ మెటల్‌ను కనిపెట్టలేదు. థేరియన్ వంటి బృందాలు ముందే దారి వేశాయి. నైట్‌విష్ తర్వాతి ఆల్బమ్‌లు ఇంతకన్నా భారీగానూ ఉన్నాయి. అయినా ఈ శైలి గురించి మొదటిసారి అడిగేవారికి నేటికీ ముందుగా చేతికిచ్చేది ఈ ఆల్బమే. నాలుగున్నర నిమిషాల 'నీమో' కొత్త శ్రోతను లోపలికి పిలుస్తుంది. పది నిమిషాల 'ఘోస్ట్ లవ్ స్కోర్' అతణ్ణి అక్కడే కూర్చోబెడుతుంది. ఈ రెండు పనులూ ఒకే ఆల్బమ్‌లో ఇంత సమంగా చేసినవి ఈ శైలిలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి.